పికప్ ముందు భాగం 2 అంగుళాలు లేపాలి: స్పేసర్ సరిపోతుందా, వెనక కూడా లేపాలా?

ఎర్రమట్టి అడిగారు:

అందరికీ నమస్కారం. నాది డబుల్ క్యాబ్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. ముందు కాయిల్ స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకటిగా ఉండే స్ట్రట్. వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). కొన్నప్పటి నుంచీ బండి ముందుకు వాలినట్టే ఉంటుంది. చూపు సంగతి ఒకటైతే, మట్టి దారుల్లో ముందు బంపరు కింది అంచు రాళ్లకు గీసుకోవడం ఇంకొకటి. వెనక ఎప్పుడూ తగలదు, తగిలేది ముందే. అందుకే ముందు భాగం లేపి బండిని లెవెల్ చేయాలని ఉంది.

కొలిచాను. చదునైన నేల, ఖాళీ తొట్టి, సగం ట్యాంకు డీజిల్. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా ముందు 510 మి.మీ., వెనక 555 మి.మీ. అంటే 45 తేడా. '2 అంగుళాల లెవెలింగ్ కిట్' అని అమ్మేది ఒకటి తెప్పించాను. పెట్టె విప్పితే అల్యూమినియం స్పేసర్ (ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే ముక్క) మందం 25 మి.మీ. మాత్రమే ఉంది. 2 అంగుళాలంటే 50 ఉండాలి కదా? వేరే బండి కిట్ వచ్చిందేమోనని అనుమానం.

ఇంకో అయోమయం కూడా ఉంది. స్ట్రట్ నెత్తిన, ఛాసిస్‌కూ దానికీ మధ్య పెట్టే స్పేసర్ ఒక రకం. స్ట్రట్ విప్పి స్ప్రింగు మీద పెట్టేది ఇంకో రకం. నా దగ్గరున్నది మొదటిది. ఒకరు అదే మంచిదంటారు, ఇంకొకరు రెండోదే మేలంటారు. కారణం మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఎలాగూ పని మొదలుపెడుతున్నాం కాబట్టి వెనక కూడా కొంచెం లేపి, 265/65 ఆర్ 17 టైర్ల బదులు 265/70 ఆర్ 17 వేస్తే ఎలా ఉంటుందన్నది ఇంకో ఆలోచన.

నా వాడకం: మామూలు రోజుల్లో ఖాళీగానే తిరుగుతుంది. సెలవు రోజుల్లో తొట్టిలో మోటార్‌సైకిలు, పనిముట్ల పెట్టె, నీళ్ల క్యాన్లు కలిపి 300 కిలోల దాకా ఉంటుంది. అప్పుడప్పుడు చిన్న ట్రైలర్ కూడా లాగుతాను. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

---

నల్లరేగడి రాశారు:

బ్రదర్, టెన్షన్ పడాల్సిందేమీ లేదు. నేను స్ట్రట్ పైన పెట్టే స్పేసరే వేయించాను, బాగానే నడుస్తోంది. స్ప్రింగు విప్పే పని లేదు కాబట్టి తొందరగా అయిపోతుంది. వేసిన వెంటనే మాత్రం వీల్ అలైన్‌మెంట్ చేయించు. నా బండి అలైన్‌మెంట్ బే దాకా వెళ్లేలోపే స్టీరింగ్ పక్కకు తిరిగి, రోడ్డు మీద అటూ ఇటూ తేలినట్టు అనిపించింది. చేయించాక సర్దుకుంది. వెనక నేనేమీ ముట్టుకోలేదు.

---

కమాన్‌కట్ట రాశారు:

ఎర్రమట్టి గారూ, కొలతలతో అడిగినందుకు చాలా సంతోషం. సస్పెన్షన్ పనే నా జీవనం. నా దగ్గరికి ఫోటో పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ, టేపుతో కొలిచి వచ్చేవాళ్లు తక్కువ.

ముందు ఆ 25 మి.మీ. సంగతి. మీకు వచ్చింది సరైన కిట్టే. స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర బిగించి ఉండదు, లోయర్ ఆర్మ్ (ఛాసిస్‌నూ చక్రాన్నీ కలిపే కింది చేయి) మీద మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆర్మ్‌కు ఛాసిస్ వైపున్న బుష్ (రబ్బరు కీలు) నుంచి స్ట్రట్ బోల్టు దాకా 200 మి.మీ., అదే బుష్ నుంచి చక్రం వైపు బాల్ జాయింట్ దాకా 380 మి.మీ. ఉందనుకోండి. స్ట్రట్ 25 కిందికి జరిగితే చక్రం దాదాపు 47 జరుగుతుంది. అందుకే 1 అంగుళం ముక్కను 2 అంగుళాల కిట్ అంటారు. ఈ నిష్పత్తి బండి బండికీ మారుతుంది, మీ ఆర్మ్ మీద మీరే కొలుచుకోవచ్చు. ఇది తెలియక 50 మి.మీ. మందం ముక్క వేస్తే చక్రం దగ్గర 4 అంగుళాలు దిగుతుంది. అప్పుడు బాల్ జాయింట్లు, ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు నిలబడవు.

రెండోది, మీ 45 తేడా. మీరు కొలిచింది సరిగ్గానే కొలిచారు, కానీ బండి వాలు దానితో తేలదు. మడ్‌గార్డు కోత ముందు ఒక ఎత్తులో, వెనక ఇంకో ఎత్తులో ఉంటుంది, అది డిజైన్ చేసినవాళ్ల ఇష్టం. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు దాకా తీసే కొలత అదే చక్రం దగ్గర పనికి ముందు, పని తర్వాత పోల్చుకోవడానికి బంగారం లాంటిది. టైరు మారినా, గాలి తగ్గినా అది మారదు. ముందు చక్రాన్ని వెనక చక్రంతో పోల్చడానికి మాత్రం అది కాదు. నిజమైన వాలు కావాలంటే తలుపుల కింద ఛాసిస్ పట్టీ వంపు లేకుండా తిన్నగా ఉన్నచోట రెండు గుర్తులు పెట్టి, రెండుచోట్లా నేల నుంచి ఎత్తు కొలవండి. గుర్తుల మధ్య దూరం కూడా రాసుకోండి. తర్వాత వీల్‌బేస్‌కు (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరానికి) లెక్కగట్టుకోవచ్చు.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటి: మీ సెలవు రోజు సామాను మొత్తం ఎక్కించి మళ్లీ కొలవండి. వెనక ఎత్తుగా ఉండటం మీ బండిలో లోపం కాదు. తొట్టిలో బరువు పడితే దాదాపు అంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. కమాన్లు దిగినప్పుడు బండి సమంగా రావాలని కంపెనీ ముందే ఆ వాలు పెట్టి ఇస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు గీత గీసినట్టు లెవెల్ చేస్తే, లోడు ఎక్కిన రోజు బండి ముక్కు పైకెత్తుతుంది. ట్రైలర్ తగిలిస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి ఎంత లేపాలన్నది ఖాళీ బండిని చూసి తేల్చే విషయం కాదు.

ఇప్పుడు రెండు రకాల స్పేసర్లు. చక్రానికి పైకీ కిందికీ కదిలే దూరం కొంత ఉంటుంది. ఉదాహరణకు మొత్తం 200 మి.మీ. అనుకుందాం. బండి మామూలుగా నిలబడ్డప్పుడు పైకి పోవడానికి 110, కిందికి జారడానికి 90. గుంతలో చక్రం దిగేది ఈ రెండోదాని వల్లే.

స్ప్రింగు మీద పెట్టే రకంలో స్ట్రట్ మొత్తం పొడవు మారదు. స్ప్రింగు లోపల ఇంకాస్త నొక్కుకుంటుంది, బండి 45 లేస్తుంది. ఆ 45 ఎక్కడి నుంచి వచ్చింది? కిందికి జారే 90లోంచి. ఇక మిగిలేది 45. రోడ్డు మీద చిన్న పల్లం వచ్చినా స్ట్రట్ చివరిదాకా సాగి 'టక్' మంటుంది. 'స్ప్రింగు గట్టిపడింది' అని చాలామంది అంటారు. స్ప్రింగు గట్టితనం మారలేదు, అంతే బరువుకు అంతే నొక్కుకుంటుంది. తగ్గింది చక్రం దిగే చోటు.

స్ట్రట్ నెత్తిన పెట్టే రకంలో స్ట్రట్ లోపలి కదలిక అలాగే ఉంటుంది, ఆ 90 పోదు. కానీ చక్రం మునుపెన్నడూ వెళ్లనంత కిందికి వెళ్తుంది. ఆ చివర్లో అప్పర్ ఆర్మ్ వెళ్లి కాయిల్ స్ప్రింగుకు తగలవచ్చు, బాల్ జాయింట్ కోణం హద్దుకు చేరవచ్చు, డ్రైవ్ షాఫ్టు జాయింట్ ఎక్కువ వంగి రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరగవచ్చు. బూటు చిరిగితే గ్రీజు బయటికి, మట్టి లోపలికి. పై వైపు ఇంకో సంగతి ఉంది. ఛాసిస్ మీది బంప్ స్టాపు (ఆర్మ్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు) ఆర్మ్‌కు తగలకముందే స్ట్రట్ లోపల అడుగు తన్నే ప్రమాదం ఉంటుంది, బంప్ స్టాపు కింద కూడా తగినంత ముక్క వేయాలి. చాలా కిట్లలో ఆ ముక్క రాదు.

కాబట్టి నల్లరేగడి గారి బండి బాగా నడుస్తోందంటే నేను నమ్ముతాను. తారు రోడ్డు మీద చక్రం పూర్తిగా కిందికి జారే సందర్భం తక్కువ. ఎర్రమట్టి గారు తిరిగేది రాళ్లున్న మట్టి దారి. అక్కడ చక్రం రోజూ పైకీ కిందికీ చివరిదాకా వెళ్లి వస్తుంది.

స్పేసర్ ఏ రకమైనా సరే, చక్రం విప్పి ఆర్మ్‌ను పూర్తిగా కిందికి వదిలి, టార్చి పెట్టి చూడండి: అప్పర్ ఆర్మ్‌కూ స్ప్రింగుకూ మధ్య వేలు దూరుతుందా, బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ బిగుసుకున్నాయా, బూటు ఎలా ఉంది. తర్వాత స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి మళ్లీ అంతా చూడాలి.

కొత్త కొలతలు పెట్టండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

---

నల్లరేగడి రాశారు:

కమాన్‌కట్ట అన్నా, చక్రం కిందికి జారే దూరం అనే మాట నాకెవరూ చెప్పలేదు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు చిన్న శబ్దం వస్తుంది, వచ్చే వారం విప్పించి అప్పర్ ఆర్మ్ దగ్గర చూపిస్తాను. మా తమ్ముడిది పాత పికప్, ముందు కాయిల్ బదులు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). బోల్టు తిప్పితే చాలు లేస్తుందంటున్నాడు. అది చేయవచ్చా?

---

కమాన్‌కట్ట రాశారు:

చేయవచ్చు, అది అందుకే పెట్టిన బోల్టు. ముందు బరువు ఎత్తి, బార్ మీద ఒత్తిడి తీసేసి తిప్పమను. ఎడమ, కుడి బోల్టులు ఎన్ని చుట్లు తిప్పారో కాదు, రెండువైపులా ఎత్తు సమంగా వచ్చిందో లేదో చూడాలి. అక్కడా ఇదే సూత్రం: బోల్టు తిప్పితే బార్ గట్టిపడదు, ఎత్తు పెరిగి కిందికి జారే చోటు తగ్గుతుంది. అప్పర్ ఆర్మ్‌కు కింది రబ్బరు స్టాపుతో ఎంత ఖాళీ ఉందో చూడమను. బండి నిలబడి ఉండగానే ఆర్మ్ రబ్బరును తాకుతుంటే అతిగా తిప్పినట్టే. అంత ఎత్తు వద్దు.

---

ఎర్రమట్టి రాశారు:

చాలా థాంక్స్ అన్నా. ఇన్నాళ్లు వెతికినా దొరకని కారణాలు ఇక్కడ దొరికాయి. చెప్పినట్టే కొలిచాను.

ఛాసిస్ పట్టీ మీద 1500 మి.మీ. దూరంలో రెండు గుర్తులు పెట్టాను. ముందు గుర్తు వెనకదాని కన్నా 19 మి.మీ. కింద ఉంది. మాన్యువల్‌లో వీల్‌బేస్ 3 మీటర్ల పైచిలుకు ఉంది, కాబట్టి నిజమైన వాలు 38 దాకా ఉంటుందనుకుంటున్నాను.

తర్వాత మోటార్‌సైకిల్‌తో సహా మొత్తం సామాను ఎక్కించాను. వెనక 555 కాస్తా 525 అయింది. ముందు 510 నుంచి 512కు పెరిగింది. లోడు వేస్తే ముందు లేస్తుందని ఊహించలేదు. అంటే లోడుతో బండి దాదాపు సమంగా నిలబడుతోంది. ఇక లేపవద్దనే అంటారా? బంపరు గీసుకోవడం మాత్రం నిజమైన ఇబ్బందే.

---

కమాన్‌కట్ట రాశారు:

ముందు 2 మి.మీ. లేవడానికి కారణం, బరువులో కొంత వెనక ఇరుసుకు కూడా వెనకాల పడుతోంది. మోటార్‌సైకిలు తొట్టి చివర్లో, డాల తలుపు దగ్గర కట్టారేమో చూడండి. బరువైనది క్యాబిన్ గోడకు ఆనించి, తేలికైనది వెనక పెడితే ఇదే లోడుకు బండి ఇంత దిగదు. పైసా ఖర్చు లేని పని, ముందు ఇది చేయండి.

ఇప్పుడు లెక్క. ఖాళీగా ముందు 38 కింద ఉంది. లోడు ఎక్కితే ముందూ వెనకల మధ్య 32 మారుతోంది, అంటే ఇంకా 6 కిందే ఉంది. మీ చేతిలో ఉన్న కిట్ వేసి ముందు 47 లేపి, వెనక ముట్టుకోకపోతే ఖాళీగా ముక్కు 9 పైకి, లోడుతో 41 పైకి. ఇది నాకు నచ్చదు. మీరు లేపవద్దని కాదు, ఇలా లేపవద్దంటున్నాను.

హెడ్‌లైట్ల సంగతి ఎవరూ అడగరు కానీ ఇక్కడే చెప్పాలి. లోబీమ్ సాధారణంగా 1 శాతం కిందికి చూసేలా పెట్టి ఉంటుంది. 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల దిగువ. 3 మీటర్ల వీల్‌బేస్ మీద ముందు 47 లేపితే అది 1.5 శాతం మార్పు. దీపం కిందికి చూడటం మాని పైకి చూస్తుంది. ఎదుటివాడి కళ్లలో కొడుతుంది, మీకేమో దగ్గరి రోడ్డు మసకగా కనిపిస్తుంది. డాష్‌బోర్డు మీద దీపం ఎత్తు మార్చే చిన్న చక్రంతో దించుకోవచ్చు కదా అంటారు. అది లోడు కోసం ఉన్నది, దాన్ని ఖాళీ బండికే వాడేస్తే లోడు రోజున ఏం మిగులుతుంది? పని అయ్యాక ఖాళీ బండితో, గోడ ముందు నిలబెట్టి, దీపం వెనకున్న స్క్రూతో సరిచేయాలి. అద్దం వెనక కెమెరా, గ్రిల్ వెనక రాడార్ ఉన్న బండి అయితే వాటి క్యాలిబ్రేషన్ కూడా చూపించాలి.

మీకు నాకు కనిపిస్తున్న దారులు రెండు. ఒకటి, వెనక ముట్టుకోకుండా ముందు 25 మాత్రమే లేపడం. దానికి 13 మి.మీ. స్పేసర్ చాలు. ఖాళీగా ముక్కు 13 కిందికి, లోడుతో 19 పైకి వస్తుంది. ఈ మాత్రం లేపుకు అప్పర్ ఆర్మ్, డ్రైవ్ షాఫ్టులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. బంపరుకు అంగుళం దాకా దక్కుతుంది.

రెండోది, నా బండి అయితే నేను చేసేది. ముందు స్పేసర్ కాకుండా, 40 లేపే స్ప్రింగు, దానికి తగిన పొడవున్న షాక్ అబ్జార్బర్ కలిపి వేయడం. వెనక కట్టలో ఒక పట్టీ కలిపి 25 లేపడం. అప్పుడు ఖాళీగా ముక్కు 23 కింద ఉంటుంది. కలిపిన పట్టీ వల్ల కట్ట గట్టిపడి లోడుకు 30 బదులు ఇంకా తక్కువే దిగుతుంది కాబట్టి, లోడుతో బండి సమానానికి అటూ ఇటూ కొన్ని మిల్లీమీటర్లలో నిలబడుతుంది. స్పేసర్‌కూ దీనికీ తేడా ఏమిటంటే, ఆ షాక్ అబ్జార్బర్ తయారుచేసేవాళ్లు అది ఎంతవరకు సాగాలో ఆర్మ్‌లు, జాయింట్ల హద్దులు చూసి పెడతారు. పొడవు, స్ప్రింగు, లోపలి ఆయిల్ వాల్వులు ఒకదానికొకటి తగ్గట్టు ఉంటాయి. ఖర్చు ఎక్కువే. అయినా రాళ్ల దారిలో ప్రతిరోజూ దాని విలువ చేతికి, నడుముకు తెలుస్తుంది.

వెనక పని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రమాదాలు ఎక్కువగా అక్కడే. వెనక లేపడానికి మూడు రకాలున్నాయి. ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మ పెట్టడం సులువైనది. కట్ట గట్టితనం మారదు, ఖాళీగా ప్రయాణం మెత్తగానే ఉంటుంది. కానీ కట్ట ఇరుసుకు దూరమవుతుంది కాబట్టి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినా, బ్రేకు కొట్టినా ఇరుసు మెలితిరిగే బలం పెరుగుతుంది. దిమ్మ మీద దిమ్మ ఎప్పుడూ పెట్టకూడదు. ముందు ఇరుసుకు కూడా కమాన్ కట్టలే ఉండే బండ్లలో, ముందు దిమ్మ అసలు పనికిరాదు. బ్రేకు బలం ఎక్కువగా పడేది అక్కడే. షాకిల్ (కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే ముక్క) పొడవు పెంచడం రెండోది. 50 పెంచితే లేచేది 25 మాత్రమే, పైగా కట్ట కోణంతోపాటు ఇరుసు కోణం కూడా తిరుగుతుంది. నేను చేయను. పట్టీ కలపడం మూడోది. మీలా లోడు వేసేవారికి ఇదే సరైనది. ఖాళీగా కొంచెం గట్టిగా కొడుతుంది, అది ముందే తెలిసి ఒప్పుకోవాలి. ఒక మాట గుర్తుంచుకోండి: పట్టీ కలిపినంత మాత్రాన బండి మోయగల బరువు పెరిగినట్టు కాదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కదా. మాన్యువల్‌లో ఉన్న హద్దు ఎప్పటికీ అదే.

ఏ రకం చేసినా, కట్టను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులు తిరిగి వాడనివ్వకండి. ఒకసారి పూర్తి టార్క్‌కు బిగించాక అవి సాగి ఉంటాయి, రెండోసారి అదే పట్టు ఇవ్వవు. కొత్తవి వేసి, నట్లను ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా బిగించాలి. కట్ట పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు కూడా కొత్తదే.

తర్వాత చూడాల్సినవి: ఇరుసును పూర్తిగా కిందికి వేలాడదీసినప్పుడు బ్రేకు గొట్టం, ఇరుసు హౌసింగ్ మీది బ్రీదర్ (గాలి వదిలే) గొట్టం బిగుసుకోకూడదు. కొన్ని పికప్‌లలో ఛాసిస్ మీద లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది, దాని నుంచి ఒక కడ్డీ ఇరుసుకు వెళ్తుంది. వెనక లేపితే ఆ కడ్డీ కిందికి లాగబడి, తొట్టి ఖాళీగా ఉందని వాల్వు అనుకుంటుంది, వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. లోడుతో ఉన్న బండికి ఇది చాలా చెడ్డది. కడ్డీ బ్రాకెట్‌ను లేపినంత మేర సరిచేయాలి. మీ బండిలో ఉందో లేదో కిందికి వంగి చూడండి.

వెనక ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు రెండు ముక్కలుగా ఉంటే, కదిలేటప్పుడు వణుకు రావచ్చు. 25 లేపితే చాలా బండ్లలో రాదు. వస్తే మధ్య బేరింగ్ బ్రాకెట్ కింద సన్న స్పేసర్ వేసి కొంచెం దించితే పోతుంది.

టైర్ల ఆలోచన మంచిదే. 265/65 ఆర్ 17 వ్యాసం 776 మి.మీ., 265/70 ఆర్ 17ది 803. ఇరుసు 13 మి.మీ. లేస్తుంది. ఇది చిన్న విషయం కాదు. సస్పెన్షన్ ఎంత లేపినా వెనక ఇరుసు మధ్యలోని హౌసింగ్ గుండు (డిఫరెన్షియల్) నేల నుంచి ఉన్నచోటే ఉంటుంది, దాన్ని లేపేది టైరు ఒక్కటే. రాయి తగిలేది హౌసింగ్‌కు అయితే కిట్లు దండగ. మీకు బంపరుకు తగులుతోంది కాబట్టి సస్పెన్షన్‌తో లాభం ఉంది. టైరు మార్చాక మీటరు 100 చూపించినప్పుడు ఇప్పటికన్నా 3 శాతం పైగా ఎక్కువ వేగంలో ఉంటారు, అది మనసులో పెట్టుకోండి. వేసే ముందు స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి లైనరు, ఛాసిస్‌కు తగలకుండా చోటుందో చూడాలి.

---

టో‌_ఇన్ రాశారు:

అలైన్‌మెంట్ బే‌లో పనిచేస్తాను, నావి కొన్ని మాటలు. ముందు లేపగానే చక్రాల మూడు కోణాలూ (టో, క్యాంబర్, కాస్టర్) మారతాయి, అందులో టైర్లను వేగంగా తినేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం మారడంతో చక్రాలు లోపలికో బయటికో తిరుగుతాయి, అలాగే వదిలేస్తే కొత్త టైరు అంచు కూడా తొందరగా అరిగిపోతుంది. ఇది సరిచేయడం సులువు. కష్టం కాస్టర్‌తో, అంటే పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణంతో. లేపినప్పుడు సాధారణంగా అది తగ్గుతుంది, నల్లరేగడి గారికి బండి తేలినట్టు అనిపించడంలో దానికీ వాటా ఉండవచ్చు. మలుపు తర్వాత స్టీరింగ్ దానంతట అది మధ్యకు రాకపోతే కాస్టర్ అనుమానించాలి. లోయర్ ఆర్మ్ క్యామ్ బోల్టులతో (తిప్పితే ఆర్మ్ కొంచెం జరిగే బోల్టులతో) 40 లేపు దాకా చాలా బండ్లలో హద్దులోకి తేగలం. అవి చివరిదాకా తిప్పినా రాకపోతే వేరే కోణంతో చేసిన అప్పర్ ఆర్మ్‌లు వేయక తప్పదు.

ఒక ఉపాయం: కిట్ వేయకముందే ఒకసారి అలైన్‌మెంట్ చూపించి ప్రింటు తీసుకోండి. ఆ క్యామ్ బోల్టులు తుప్పు పట్టి బుష్‌లో ఇరుక్కుపోయాయా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. ఇరుక్కుంటే లేపాక సరిచేయడానికి దారి ఉండదు. పని అయ్యాక స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను సున్నాకు పెట్టించడం మరవకండి, లేకపోతే స్టెబిలిటీ కంట్రోల్ దీపం వెలగవచ్చు.

---

ఎర్రమట్టి రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. మోటార్‌సైకిల్ నిజంగానే తొట్టి చివర్లో కట్టేవాణ్ణి. క్యాబిన్ వైపు జరిపి కొలిస్తే వెనక 525 బదులు 530కి వచ్చింది, ముందు 510 దగ్గరే ఉంది.

25 మి.మీ. స్పేసర్ కిట్ వాపసు పంపుతున్నాను. రెండో దారికే వెళ్తాను: ముందు 40 లేపే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జత, వెనక ఒక పట్టీ. టైర్లు ఇప్పుడున్నవి అరిగాక మారుస్తాను. బండి కింద చూస్తే మీరు చెప్పిన వాల్వు కడ్డీ లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు ముక్కలే. ముందు స్ట్రట్లు, వెనక పట్టీ నేనే ఇంటి దగ్గర బిగించుకోవాలని ఉంది. పానాలు, జాకీ, టార్క్ రెంచి ఉన్నాయి. స్ప్రింగు నొక్కే సాధనం మాత్రం లేదు.

---

కమాన్‌కట్ట రాశారు:

మంచి నిర్ణయం. స్ప్రింగు నొక్కే పని మాత్రం ఇంట్లో వద్దు, సన్న కడ్డీల సాధనం అద్దెకు తెచ్చి కూడా వద్దు. నొక్కిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది. కొత్త స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, పై మౌంటు వర్క్‌షాపులో కలిపించి, తయారైన స్ట్రట్‌ను తెచ్చుకుని మీరే బిగించండి. ఛాసిస్ కింద స్టాండ్లు లేకుండా జాకీ మీదే ఉన్న బండి కిందికి దూరకండి, నేల మీదున్న చక్రాలకు రెండువైపులా అడ్డు పెట్టండి.

బిగించేటప్పుడు ఆర్మ్ బుష్ బోల్టులు, కమాన్ కంటి బోల్టులు, షాకిల్ బోల్టులు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. ఆ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికి అంటుకుని ఉంటుంది. చక్రం వేలాడినప్పుడు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. ఎత్తు సరిగ్గా రాదు, కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది. చేతి బిగువు దాకా పెట్టి, బండి దించి, నాలుగైదుసార్లు ఊపి, కొంచెం ముందుకూ వెనక్కూ నడిపి, బరువు చక్రాల మీద ఉండగా మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. అలైన్‌మెంట్ ఆ తర్వాతే.

యూ బోల్టు నట్లు మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 500 దాటాక ఇంకోసారి టార్క్ రెంచితో చూడండి. కొత్త కట్ట సర్దుకునే కొద్దీ అవి వదులవుతాయి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు దాకా నాలుగు మూలలా కొత్త కొలతలు అప్పుడే తీసి ఇక్కడ పెట్టండి, బిగించిన వెంటనే తీసిన కొలతతో పోలిస్తే కొంత దిగి ఉంటుంది. ఎడమ కుడుల మధ్య 10 మి.మీ. దాటి తేడా వస్తే చెప్పండి, స్ప్రింగు కింది కొస సీటులో సరిగ్గా కూర్చుందో లేదో ముందు అది చూద్దాం.